పలకకు కర్ర చట్రం, ఫోనుకు లోహపు చట్రం

తొలకరి వాన పడి నేల కాస్త ఆరగానే, అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో ఒక చిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. వేరుశనగ విత్తడానికి గొర్రు సిద్ధం చేసుకునే రైతులతో పాటు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు తలలు వంచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నేలను గాలిస్తుంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఆ మెట్టసీమలో, వాన పైమట్టిని కడిగేసినప్పుడు ఎక్కడైనా ఒక వజ్రం తళుక్కుమంటుందేమోనని వాళ్ళ ఆశ. ఊరి పేరులోనే వజ్రం ఉంది మరి!

అలా వంగి వెతుకుతున్న మనిషి చొక్కా జేబులోంచి ఫోను జారి కంకరరాయి మీద పడిందనుకోండి. తీసి చూస్తే తెర నిండా సాలెగూడులాంటి పగుళ్ళు. అదే మనిషి ఫోను అంతకుముందు సిమెంటు అరుగు మీద పడితే మూల దగ్గర చిన్న సొట్ట తప్ప ఏమీ కాలేదు. లోకంలోకెల్లా గట్టి వస్తువు కోసం వచ్చినవాడు, జేబులో ఉన్న పెళుసు వస్తువును పోగొట్టుకున్నాడు.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. బెంగుళూరుకు పనికి పోయిన కొడుకు డబ్బు పంపేది ఫోనుకే. మార్కెట్టులో కాయల ధర తెలిసేది ఫోనులోనే. 2020లో బడులు మూతపడినప్పుడు ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోనే అన్నదమ్ములందరికీ బడి అయింది. పగిలిన తెర మార్పించాలంటే కూలి చేసుకునే ఇంట్లో చాలా రోజుల సంపాదన పోతుంది. అందుకని, ఫోను దేనివల్ల పగులుతుంది, దేనివల్ల నిలుస్తుంది అన్నది తెలుసుకోదగిన విషయమే.

సమాధానంలో సగం గాజులో ఉంది. మిగతా సగం, మనం సాధారణంగా గమనించనిది, గాజు చుట్టూ ఉన్న చట్రంలో ఉంది.

ముందు వజ్రం సంగతి చూద్దాం. గట్టిదనం అంటే ఏమిటో అది చెప్పినంత బాగా మరేదీ చెప్పలేదు. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు ఒక కొలబద్ద తయారుచేశాడు. ఏ రాయి ఏ రాయిని గీయగలదో చూసి, పది ఖనిజాలను వరుసలో నిలబెట్టాడు. అన్నిటికన్నా మెత్తనిది బలపపు రాయి, దానికి 1. పలుగురాయికి 7. కురువిందానికి 9. వజ్రానికి 10. ఇలా గీతను ఓర్చుకునే గుణాన్ని కాఠిన్యం అంటారు. ఫోను తెర గాజు ఈ కొలబద్ద మీద సుమారు 6 దగ్గర ఉంటుంది. ఇసుకలో ఉండేది ముఖ్యంగా పలుగురాయి పొడే కాబట్టి, జేబులో చేరిన నాలుగు ఇసుక రేణువులు చాలు, తెర మీద గీతలు పెట్టడానికి. తాళంచెవి గీస్తుందని భయపడతాం గాని, అసలు శత్రువు మన పొలంలోని ఇసుకే.

మరి కాఠిన్యంలో పదికి పది తెచ్చుకున్న వజ్రాన్ని సుత్తితో కొడితే? క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమను రచయిత ప్లినీ, వజ్రాన్ని దాగలి మీద పెట్టి కొడితే సుత్తీ దాగలీ పగులుతాయే గాని వజ్రం పగలదని రాశాడు. ఆ మాట వందల ఏళ్ళు నిలిచింది. అది తప్పు. వజ్రంలోని కార్బన్ పరమాణువులు ఒకదానితో ఒకటి చాలా బలంగా కట్టుకుని ఉన్నా, కొన్ని తలాల వెంబడి ఆ కట్టు తక్కువ. ఆ తలం వెంట దెబ్బ పడితే వజ్రం కట్టెపేడులా చీలుతుంది. సానపట్టేవాళ్ళు పెద్ద వజ్రాలను ముక్కలు చేసే పాత పద్ధతి ఇదే. 1881లో వజ్రకరూరులో దొరికిన సుమారు 67 క్యారెట్ల వజ్రం ఒకటి, కోసి సానపట్టేసరికి 25 క్యారెట్ల దగ్గరికి వచ్చింది. ఆ పొలాల్లో దొరికిన రాయి నిజంగా వజ్రమో కాదో తేల్చుకోవాలని ఎవరైనా సుత్తి ఎత్తితే, చేతికందిన భాగ్యాన్ని పొడి చేసుకోవడమే అవుతుంది.

కాబట్టి గీతపడని గుణం వేరు, పగలని గుణం వేరు. మూడోది ఒకటుంది: వంగని గుణం. ఈ మూడూ ఒకే పదార్థంలో పుష్కలంగా దొరకడం అరుదు. గాజుకు మొదటిది బాగానే ఉంది, రెండోది లేదు. రబ్బరుకు రెండోది ఉంది, మిగతా రెండూ లేవు. ఒక వస్తువులో మూడూ కావాలంటే, పదార్థాలను జతచేయాలి. పెళుసుదాన్ని మధ్యలో పెట్టి, దెబ్బ ఓర్చేదాన్ని చుట్టూ పెట్టాలి.

ప్రకృతి ఈ పని వజ్రకరూరులోనే చేసి చూపించింది. భూమిలోపల 150 కిలోమీటర్లకు మించిన లోతున పుట్టిన వజ్రాలను, సుమారు 110 కోట్ల ఏళ్ళ క్రితం కింబర్లైట్ అనే శిలాద్రవం వేగంగా పైకి మోసుకొచ్చింది. ఆ ద్రవం గొట్టాల ఆకారంలో గడ్డకట్టింది. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణం పేరు మీద ఆ రాతికి ఈ పేరు వచ్చింది. కింబర్లైట్ వజ్రంతో పోలిస్తే చాలా మెత్తని రాయి. ఎండకూ వానకూ తానే చివికి, మట్టి అయిపోయి, లోపలి వజ్రాన్ని చెక్కుచెదరకుండా విడిచిపెడుతుంది. మెత్తని ఒరలో గట్టి కత్తి అన్నమాట.

మనిషి చేసిన ఇలాంటి జత మీ ఇంట్లోనే, అటక మీద ఉండవచ్చు. అమ్మమ్మనో తాతయ్యనో అడిగి చూడండి: రాతిపలక. నల్లమల అంచున ఉన్న మార్కాపురం పలకలకు పుట్టినిల్లు. అక్కడి పలకలు దేశదేశాలకు వెళ్ళాయి. పలకరాయి పొరలు పొరలుగా చీలుతుంది కనుకే అంత పలుచగా తీయడం సాధ్యమైంది. కాని ఆ పలుచని రాయిని ఒకటో తరగతి పిల్లవాడి చేతికి ఉత్తగా ఇస్తే సాయంత్రానికి నాలుగు ముక్కలవుతుంది. అందుకే చుట్టూ కర్ర చట్రం బిగించారు. ఆ చట్రాన్ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. కర్ర, రాయి కన్నా ఎత్తుగా ఉంటుంది. పలక బోర్లాపడినా నేలకు తగిలేది కర్రే. మూల మీద పడితే కర్ర నలుగుతుంది, నొక్కు పడుతుంది, రాయికి చేరే దెబ్బ తగ్గుతుంది. నలుగురు పిల్లలు దాని మీద కూర్చుంటే బరువులో కొంత చట్రం మోస్తుంది. స్మార్ట్‌ఫోను చట్రం చేసే పనులు కూడా సరిగ్గా ఇవే. పలకరాయి స్థానంలో గాజు వచ్చింది, కర్ర స్థానంలో లోహమో ప్లాస్టిక్కో వచ్చింది, అంతే.

ఇప్పుడు కాస్త లెక్క చేద్దాం. భయపడకండి, తొమ్మిదో తరగతి లెక్కే.

ఫోను బరువు 200 గ్రాములు, పడిన ఎత్తు ఒక మీటరు. నేలను తాకే వేళకు దాని గతిజశక్తి 0.2 × 9.8 × 1, అంటే దాదాపు 2 జౌళ్ళు. వేగం సెకనుకు 4.4 మీటర్లు. ఈ 2 జౌళ్ళూ ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఎంత దూరంలో ఫోను ఆగుతుందన్నదే అసలు ప్రశ్న. తాకిన చోట అర మిల్లీమీటరు మాత్రమే నలిగి ఆగిందనుకుంటే, సగటు బలం 2 ÷ 0.0005, అంటే 4000 న్యూటన్లు. ఇది 400 కిలోల బరువు మోపినంత! అదే 2 మిల్లీమీటర్లు నలిగి ఆగితే 1000 న్యూటన్లే. నాలుగు రెట్లు ఎక్కువ దూరంలో ఆగింది, బలం నాలుగో వంతుకు తగ్గింది. క్రికెట్ బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటారే, అదే సూత్రం.

సొట్ట పడిన ఫోను చూసి బాధపడతాం. కాని ఆ సొట్ట, గాజు తినవలసిన దెబ్బను చట్రం తిన్నదనడానికి గుర్తు. లోహం శాశ్వతంగా వంగడానికి శక్తి ఖర్చవుతుంది. ఖర్చయిన శక్తి ఇక గాజును పగలగొట్టలేదు. 2000లో వచ్చిన నోకియా 3310 పేరు మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. అది కింద పడితే పైడొప్ప ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు ఎగిరి పడేవి. ఏరుకుని తిరిగి తగిలిస్తే పనిచేసేది! దాని కిటికీ చిన్నది, చుట్టూ ప్లాస్టిక్ ఎక్కువ, పైగా ముక్కలు విడిపోవడంలోనే శక్తి చాలా పోయేది. ఇప్పటి ఫోనులో ముందువైపు దాదాపు అంతా గాజే. దాచుకోవడానికి చోటు లేదు.

అలాగని చట్రం మరీ మెత్తగా ఉంటే సరిపోతుందా? అక్కడే చిక్కంతా ఉంది. మెత్తని చట్రం దెబ్బకు లోపలికి నలిగి గాజు అంచును తాకిందంటే, గాజు అక్కడి నుంచే పగలడం మొదలుపెడుతుంది. అసలే గాజుకు అంచు బలహీనమైన చోటు. చట్రం వంగితే గాజు కూడా వంగవలసి వస్తుంది. గాజుకు వంగడం చేతకాదు. మరమ్మతు దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. చట్రం కాస్త వంకరపోయిన ఫోనుకు కొత్త తెర అతికిస్తే, ఏ దెబ్బా తగలకుండానే కొద్ది రోజుల్లో అదీ పగలవచ్చు. అందుకే మంచి పనివాడు ముందు చట్రాన్ని చదునుగా ఉన్న బల్ల మీద పెట్టి చూస్తాడు.

చట్రానికి ముఖ్యంగా నాలుగు పదార్థాలు వాడుతున్నారు: పాలికార్బనేట్ వంటి ప్లాస్టిక్కులు, అల్యూమినియం మిశ్రమాలు, స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియం మిశ్రమం. ఒక అల్యూమినియం చట్రం 20 గ్రాములు తూగిందనుకుందాం. సరిగ్గా అదే కొలతలతో టైటానియంతో చేస్తే సుమారు 33 గ్రాములు, స్టీలుతో చేస్తే 59 గ్రాములు, పాలికార్బనేట్‌తో చేస్తే 9 గ్రాములు తూగుతుంది. ఇక వంగని గుణం. అల్యూమినియానిది 1 అనుకుంటే టైటానియం మిశ్రమానిది 1.6, స్టీలుది 2.7, పాలికార్బనేట్‌ది ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ప్లాస్టిక్‌లో గాజుపోగులు కలిపి, లోపల ఒక లోహపు పళ్ళెం పెట్టి ఆ లోటును కొంత పూడుస్తారు.

స్టీలే గెలిచినట్టు కనిపిస్తుంది కదూ? తొందరపడకండి. బరువైన ఫోను పడితే శక్తి కూడా ఎక్కువే. పైన వేసిన లెక్కలో బరువును పెంచి చూడండి. గట్టి కవచం తొడిగినవాడు మరింత గట్టిగా కింద పడతాడన్నమాట.

టైటానియం కథ వేరు. దాని ముడిసరుకుకు మనకు కరువు లేదు. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా సముద్రపుటొడ్డున కనిపించే నల్లని ఇసుకలో ఇల్మెనైట్ అనే టైటానియం ఖనిజం ఉంది. కాని ఇసుక నుంచి లోహం తీయడమే కష్టం. వేడెక్కిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను వదలకుండా పట్టుకుని పెళుసెక్కుతుంది. 1940 ప్రాంతంలో విలియం క్రోల్ అనే లక్సెంబర్గ్ శాస్త్రజ్ఞుడు, టైటానియం టెట్రాక్లోరైడ్‌ను మెగ్నీషియంతో చర్య జరిపించి లోహాన్ని తీసే పద్ధతిని నిలబెట్టాడు. ఖరీదైన పద్ధతి. హైదరాబాదులో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ కర్మాగారం టైటానియం మిశ్రమాలను తయారుచేస్తుంది. విమానాలకూ రాకెట్లకూ కావలసిన లోహం అది. ఆరు పాళ్ళు అల్యూమినియం, నాలుగు పాళ్ళు వెనేడియం కలిపిన టైటానియం మిశ్రమం, ఫోన్లలో వాడే మామూలు అల్యూమినియం మిశ్రమాల కన్నా మూడు రెట్లకు పైగా బలాన్ని ఓర్చుకుని తిరిగి నిటారు కాగలదు. అంటే దాని స్థితిస్థాపక అవధి ఎక్కువ.

2023లో ఐఫోన్ 15 ప్రోకు టైటానియం చట్రం వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ 24 అల్ట్రాకూ వచ్చింది. ఇక టైటానియం యుగమే అనుకున్నారు అందరూ. 2025లో వచ్చిన ఐఫోన్ 17 ప్రో మాత్రం తిరిగి అల్యూమినియానికి పోయింది! ఎందుకు? వేడి వల్ల. లోపలి చిప్పు పుట్టించే వేడిని బయటికి పంపడంలో అల్యూమినియం మిశ్రమం, టైటానియం మిశ్రమం కన్నా ఇరవై రెట్లకు పైగా మెరుగు. బలం ఒక్కటే చూసి ఎంచుకున్న లోహం మరో పరీక్షలో తప్పింది.

వేడి మాట వచ్చింది కాబట్టి, మన అనంతపురం ఎండలో ఆలోచించండి. బైకు హ్యాండిల్‌కు తగిలించిన ఫోను, చల్లని ఉదయపు 20 డిగ్రీల నుంచి మిట్టమధ్యాహ్నం 60 డిగ్రీలకు చేరిందనుకుందాం. 15 సెంటీమీటర్ల అల్యూమినియం చట్రం సుమారు 0.14 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే పొడవు గాజు 0.05 మిల్లీమీటర్లే సాగుతుంది. తేడా వెంట్రుక మందమంత. ఆ తేడాను మింగేది చట్రానికీ గాజుకూ మధ్య ఉన్న జిగురు. రోజూ సాగి, రోజూ ముడుచుకుని, ఆ జిగురు అలసిపోతుంది. అప్పుడు దుమ్ము, నీరు లోపలికి దారి చేసుకుంటాయి. టైటానియం వ్యాకోచం మాత్రం దాదాపు గాజుతో సమానం. ఈ ఒక్క విషయంలో దానికి మార్కులు వేయాలి.

చట్రం లోహం ఎంత ముఖ్యమో, దాని రూపమూ అంతే ముఖ్యం. మీ జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలు తీయండి. వెడల్పు వైపున పట్టుకుని వంచండి, సులువుగా వంగుతుంది. ఇప్పుడు నిలువుగా, అంచు పైకి ఉండేలా పట్టుకుని వంచి చూడండి. వంగదు. పదార్థం మారలేదు, మందం మారింది. వంగకుండా నిలిచే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 7 మిల్లీమీటర్ల మందాన్ని 8 చేస్తే, అదే లోహంతో, ఒకటిన్నర రెట్లు. 2014లో వచ్చిన ఐఫోన్ 6 ప్లస్ 7.1 మిల్లీమీటర్ల మందంతో, పొడవుగా, అల్యూమినియంతో చేసినది. ప్యాంటు జేబులో పెట్టుకుని కూర్చుంటే వంగిపోతోందని చాలామంది చెప్పారు. వంగింది ఎక్కడ? ధ్వని పెంచే మీటల దగ్గర. మీటల కోసం చట్రానికి రంధ్రాలు చేయక తప్పదు, రంధ్రమున్న చోటే లోహం లొంగింది. మరుసటి ఏడాది నమూనాలో జింకు కలిసిన, మరింత బలమైన 7000 శ్రేణి అల్యూమినియం మిశ్రమం వాడారు.

నిండు లోహపు డబ్బాలో ఫోనును బిగించేస్తే పోదా అని మీకు అనిపించవచ్చు. అప్పుడు ఫోను మోగదు! లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది. లోహపు చట్రాల మీద అక్కడక్కడ సన్నని ప్లాస్టిక్ గీతలు కనిపిస్తాయి చూడండి, అవి అలంకారం కాదు. చట్రాన్ని ముక్కలుగా విడదీసి, కొన్ని ముక్కలను యాంటెన్నాలుగా వాడుకునేందుకు పెట్టిన ఎడాలు అవి.

2015 నుంచి మన రాష్ట్రంలోనే, తడకు దగ్గరలోని శ్రీసిటీలో, స్మార్ట్‌ఫోన్లు తయారవుతున్నాయి. అక్కడ మొదట తయారైనవి తక్కువ ధర ఫోన్లు. అవి అమ్ముడయ్యేదీ ఎక్కువగా మన ఊళ్ళలోనే. వాటికి ప్లాస్టిక్ చట్రం ఉంటే చిన్నచూపు చూడనక్కర్లేదు. కంకర నేల మీద పనిచేసేవాడికి టైటానియం కన్నా, గాజు కంటే ఒక మిల్లీమీటరు ఎత్తుగా అంచు ఉన్న రబ్బరు పౌచ్ ఎక్కువ ఉపయోగం అని నా అభిప్రాయం. పలక చేసినవాడు కనిపెట్టిన ఉపాయం అదే కదా. పౌచ్ మెత్తగా నలిగి ఆగే దూరాన్ని పెంచుతుంది. లోపలి చట్రం వంగకుండా కాపాడుతుంది. అయితే వారానికోసారి పౌచ్ విప్పి, లోపల చేరిన ఇసుక దులపండి. లేదంటే కాపాడవలసిన పౌచే ఫోనును ఉప్పుకాగితంలా రుద్దేస్తుంది.

ఇక మీకో పని. మాస్టారిని అడిగి ఒకే పొడవున్న ముప్పయి సుద్దముక్కలు తెచ్చుకోండి. పదింటిని ఉత్తగా ఉంచండి. పదింటికి రెండు కొసల దగ్గర పాత సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు ఉంగరాలు తొడగండి. మిగిలిన పదింటికి, పొడవునా ఒక సైకిలు స్పోకు ముక్కను దారంతో బిగించి కట్టండి. మీటరు ఎత్తు నుంచి, అన్నిటినీ అడ్డంగా, ఒకే సిమెంటు నేల మీద వదలండి. ఎన్ని విరిగాయో పట్టిక వేయండి. తరవాత స్పోకు కట్టిన వాటిలో మిగిలిన సుద్దలకు రబ్బరు ఉంగరాలు కూడా తొడిగి మళ్ళీ వదలండి. విరిగిన ముక్కలు పారేయకండి. ఎక్కడ విరిగాయో, కొస దగ్గరా, మధ్యలోనా, దారం కట్టిన చోటా, అది కూడా పట్టికలో రాసుకోవాలి.